అనుభవమే గురువా? – జాన్ న్యూటన్ గారి జీవితము

ధ్యానభాగము: ద్వితీయోపదేశకాండము 15:12-15

మన సంఘములలో సాక్ష్యపు కూటములు జరుగునప్పుడు ఒక సంగతిని మేము చాలకాలముగా గమనించుచున్నాము. త్రాగుడు మానినవాడు, జూదములో పొలము పోగొట్టుకొని బుద్ధి తెచ్చుకొన్నవాడు లేచి మాటలాడునప్పుడు జనులు ముందుకు వంగి విందురు. చిన్ననాటనుండి ఆదివారపు బడికి వచ్చి, తలిదండ్రుల ప్రార్థనల నడుమ పెరిగిన పిల్లవాడు లేచినయెడల, వీనికి చెప్పుటకేమున్నదని అటు ఇటు చూతురు. వాడును సిగ్గుపడి రెండు మాటలు చెప్పి కూర్చుండును. ఇందుచేత మన యౌవనస్థులలో ఒక తలంపు పుట్టినది. లోకమును కొంత రుచిచూచి, పడి, దెబ్బతిని, పిమ్మట లేచినగాని ఆత్మీయ జీవితము గట్టిపడదని కొందరు బాహాటముగానే అనుచున్నారు. పడ్డవాడే నేర్చుకొనునని పెద్దలు కూడ దానికి వంతపాడుచున్నారు.

ఈ తలంపునకు ఆధారముగా చాలమంది ప్రసంగీకులు చూపు మనిషి జాన్ న్యూటన్ గారు. ఘోరపాపి, బానిసల వర్తకుడు, సముద్రములో తుపాను, మారుమనస్సు, ఆశ్చర్యమైన కృపను గూర్చిన ఆ ప్రసిద్ధ కీర్తన – ఇంతటితో కథ ముగించి ప్రార్థనకు లేతురు. మేమాయన జీవితమును మొదటినుండి చివరవరకు చదివి చూడగా, తుపానుతో కథ ముగియలేదు. మన ప్రశ్నకు కావలసిన జవాబు తుపాను తరువాతి నలుబది సంవత్సరములలోనే ఎక్కువగా కనబడుచున్నది. కాబట్టి ఈ నెల ఆ భాగమును కూడ విడువక మీ ముందుంచుచున్నాము.

న్యూటన్ 1725వ సంవత్సరము జూలై నెలలో లండను పట్టణమందు థేమ్సు నది ఒడ్డుననున్న వాపింగ్ అను పేటలో పుట్టెను. తండ్రి మధ్యధరా సముద్రముమీద వర్తకపు ఓడ నడుపు కప్తాను. ఇంటిపట్టున ఉండుట తక్కువ. తల్లి ఎలిజబెత్తు భక్తురాలు, ఆరోగ్యము లేనిది. వీడొక్కడే బిడ్డ. ఆమె వానికి తానే అక్షరములు నేర్పెను. లేఖనములును, ప్రశ్నోత్తరములును, ఐజాక్ వాట్స్ గారు వ్రాసిన కీర్తనలును కంఠతః పట్టించెను. కుమారుడు దేవుని సేవకుడు కావలెనని ఆమె కోరిక. వానికి ఏడేండ్లు నిండకముందే, 1732లో, క్షయరోగముచేత ఆమె కన్నుమూసెను. తండ్రి మారుమనువాడెను. బడిచదువు రెండేండ్లతోనే సరి. పదకొండవ యేట పిల్లవాడు తండ్రితోకూడ ఓడ ఎక్కెను.

యౌవనములో అతడు తల్లి నేర్పినదంతయు విడిచిపెట్టెను. 1742 డిసెంబరులో కెంటు సీమలోని చాథం అను ఊరికి పోయి, తల్లి స్నేహితురాలి యింట మేరి కాట్లెట్ అను, ఇంకను పదునాలుగేండ్లు నిండని చిన్నదానిని చూచి, ఆమెమీది ప్రేమను చచ్చువరకు మరువలేదు. ఆ కాలమున రాజుగారి యుద్ధనౌకలకు మనుష్యులు చాలనప్పుడు యువకులను దారిలో పట్టుకొని బలవంతముగా ఎక్కించుచుండిరి. 1744లో న్యూటన్ ఆలాగే పట్టుబడి హార్విచ్ అను యుద్ధనౌక ఎక్కెను. అక్కడ దేవుడు లేడను వారి స్నేహము దొరకెను. తల్లి నేర్పిన మాటలను ఎగతాళి చేయుటలో వారిని మించిపోయెను. సెలవు లేకుండ పారిపోయి దొరకిపోగా, నావికులందరి యెదుట కొరడా దెబ్బలు కొట్టి, ఉన్న పదవి తీసివేసిరి. 1745లో మదీరా దీవియొద్ద ఆఫ్రికాకు పోవు మరియొక ఓడలోనికి మార్చబడెను. అది బానిసల ఓడ.

సియెర్రా లియోన్ తీరమున ప్లాంటెయిన్ దీవులున్నవి. మన భాషలో అరటి దీవులనవచ్చును. అక్కడ బానిసలను కొని ఓడలకు అమ్ము ఒక తెల్ల వర్తకునియొద్ద న్యూటన్ పనికి కుదిరెను, త్వరగా ధనవంతుడు కావచ్చునని. జరిగినది వేరు. వెంటనే జ్వరము పట్టెను. యజమానుడు వర్తకమునకై ఊరు విడిచి పోగా, అతనితో కాపురముండిన ఆఫ్రికా స్త్రీ రోగిని పట్టించుకొనలేదు. చాపమీద పడియున్నవానికి చల్లని నీళ్లు కూడ దొరకుట కష్టమాయెను. ఆమె తిని విడిచిన ఎంగిలి పళ్లెము బుద్ధిపుట్టినప్పుడు పంపెడిది. ఆకలికి తాళలేక రాత్రివేళ తోటలోనికి ప్రాకి, దుంపలు పెరికి పచ్చివి తినెను. తరువాత యజమానుడు కూడ అతడు దొంగయని చెప్పినవాని మాట నమ్మి, ఓడమీద గొలుసుతో కట్టి, దినమునకు ఇంత అన్నమని కొలిచి పెట్టెను. ఒంటిమీద ఒక చొక్కా, వానకు ఎండకు అదే.

ఆ దినములలో ఒక సంగతి జరిగెను. సంకెళ్లలోనున్న ఆఫ్రికా బానిసలు, అమ్మకమునకు కట్టిపెట్టబడినవారు, తమకు పెట్టిన కొద్ది ఆహారములోనుండి కొంత దాచి, ఎవరును చూడకుండ తెచ్చి ఈ తెల్లవానికి పెట్టిరి. చూచినయెడల వారికి దెబ్బలు తప్పవు. ఈ సంగతి న్యూటన్ గారే తరువాత వ్రాసిరి. వారి పేర్లు ఎక్కడను లేవు. చదువరులు ఈ పూట భోజనమును జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాము.

తండ్రి వేడుకొనగా లివర్‌పూలులోని ఆయన స్నేహితుడు తన ఓడ కప్తానుతో ఆ పిల్లవాని జాడ తీయుమని చెప్పియుండెను. 1747లో గ్రేహౌండ్ అను ఓడ వచ్చి అతనిని ఎక్కించుకొనెను. అది బంగారము, ఏనుగు దంతము, తేనెమైనము, రంగుకట్టె కొను ఓడ. బానిసలను కొనునది కాదు. ఓడలో కూడ అతని నోటి దుష్టత్వము కళాసులనే భయపెట్టుచుండెను.

1748 మార్చి నెల, నేటి లెక్కప్రకారము 21వ తేది. అర్ధరాత్రివేళ అట్లాంటిక్ మహాసముద్రములో పెద్ద అల ఓడను కొట్టెను. గదిలో నీళ్లు నిండుచుండగా న్యూటన్ మేల్కొని పైకి పరుగెత్తెను. మెట్లమీద కప్తాను ఎదురై, కత్తి తెమ్మని వెనుకకు పంపెను. అతనికి బదులుగా పైకి పోయిన మరియొకని సముద్రము ఈడ్చుకొనిపోయెను. ఓడ ప్రక్క పలకలు విరిగెను. ఉన్న బట్టలు, పరుపులు చీలికలలో కుక్కి మేకులు కొట్టిరి. తేనెమైనము, కట్టె నీటికంటె తేలికైనవి గనుక ఓడ మునుగలేదు. న్యూటన్ తెల్లవారుజాము మూడు గంటలనుండి మధ్యాహ్నమువరకు పంపు త్రొక్కెను, కొట్టుకొనిపోకుండ త్రాటితో కట్టుకొని. ఆ నడుమ నోట ఒక మాట జారెను, ప్రభువు కనికరించుగాక అని. ఏండ్ల తరబడి దూషణకే అలవాటుపడిన నోరది. అన్నమాటకు తానే ఉలిక్కిపడెను. గంటసేపు పడుకొని లేచి, నడిరేయివరకు చుక్కాని పట్టుకొనెను.

ఆ పదునొకండు గంటలు చుక్కానియొద్ద ఏమి తలంచెను? చిన్ననాడు విన్న లేఖనములు ఒక్కొక్కటి పైకి వచ్చెను. సామెతలు మొదటి అధ్యాయము చివరిభాగము, హెబ్రీయులకు 6వ అధ్యాయము తనకే వ్రాసినట్లు తోచెను. లూకా 11:13 పట్టుకొని ప్రార్థించుట మొదలుపెట్టెను. తరువాత నాలుగు వారములు చినిగిన తెరచాపలతో, మిగిలిన కొద్దిపాటి ఎండుచేపలతో ఓడ కొట్టుమిట్టాడెను. ఇతడే మనకు యోనా, ఇతనిని పారవేసినగాని బ్రదుకమని కప్తాను సణుగుచుండెను. ఏప్రిలు 8న ఐర్లాండు రేవు చేరిరి. ఆనాటి లెక్కకు తగిన మార్చి 21ని న్యూటన్ గారు బ్రదికినంతకాలము ఉపవాస ప్రార్థనలతో ఆచరించిరి.

ఇక్కడ కొంచెము ఆగుదము. అదే ఓడలో, అదే నీళ్లలో, అదే ఆకలితో ఇతర నావికులును ఉండిరి. వారిలో కొందరికి ఏమియు అంటలేదనియు, కొందరు త్వరలోనే మరచిపోయిరనియు న్యూటన్ గారే వ్రాయుచున్నారు. తుపాను అందరికి ఒక్కటే. చుక్కానియొద్ద నిలిచినవానికి తలంచుకొనుటకు మాటలుండెను. ఆ మాటలు సముద్రము నేర్పినవి కావు. క్షయతో దగ్గుచు ఒక తల్లి వాపింగ్ పేటలో, చిన్న గదిలో, ఆరేండ్ల పిల్లవానికి నేర్పినవి. పొలము దున్నకుండ వాన పడినయెడల ఏమగునో మీకు మేము చెప్పనక్కరలేదు.

ఇక తుపాను తరువాతి సంగతి. ఒడ్డుచేరిన కొద్ది నెలలకే, 1748లో, ఆయన బ్రౌన్‌లో అను ఓడమీద కప్తానుకు సహాయకుడుగా ఆఫ్రికాకు పోయెను. ఈ ఓడ బానిసలకొరకే పోయినది. 1750లో మేరిని పెండ్లాడెను. ఆ సంవత్సరమే డ్యూక్ ఆఫ్ ఆర్గైల్ అను ఓడకు కప్తాను ఆయెను. తరువాత ఆఫ్రికన్ అను ఓడకు. మొత్తము మూడు ప్రయాణములు కప్తానుగా చేసెను. స్త్రీ పురుషులను, పిల్లలను కొని, పురుషులను ఇద్దరిద్దరిని కలిపి సంకెళ్లు వేసి, ఓడ అడుగున అరలమీద పరుండబెట్టి, అట్లాంటిక్ దాటించి అమ్మెను. తిరుగబడుటకు కుట్ర జరుగుచున్నదని అనుమానించి, కొందరు పిల్లల బొటనవ్రేళ్లను ఇనుప మరలతో బిగించి నిజము చెప్పించినట్లు తన ఓడ దినచర్య పుస్తకములో తానే వ్రాసికొనెను.

అప్పటికి ఆయన అవిశ్వాసి కాడు. ఇదే మనము మింగలేని ముద్ద. ఆదివారము రెండు పర్యాయములు నావికులను కూర్చి తానే ఆరాధన జరిపించెడివాడు. ఓడమీద బైబిలు చదివెను, లాటిను నేర్చుకొనెను, భార్యకు భక్తితో నిండిన జాబులు వ్రాసెను. ఆ ప్రయాణములలో దేవునితో గడపిన గడియలవంటి మధురమైన గడియలు తనకు అరుదని తరువాత చెప్పుకొనెను. పైన కీర్తన, క్రింద గొలుసులు. నడుమ ఒక వరుస పలకలు మాత్రమే.

ఒకసారి కప్తానుగా ఆ అరటి దీవులకే పోయెను. పూర్వము ఆకలితోనున్న దినములలో అక్కడ నిమ్మమొక్కలు నాటుచుండగా, యజమానుడు ఆ దారిని పోవుచు, ఎవరికి తెలియును, ఈ చెట్లు కాచునాటికి నీవు ఓడకు కప్తానువై వచ్చి కాయలు కోసికొందువేమో అని వెక్కిరించెనట. వెక్కిరింత నిజమాయెను. న్యూటన్ ఆ చెట్ల తొలికాపు కాయలు తన చేతితో కోసెను. దేవుడు తన్ను ఎంత దూరము నడిపించెనో అని స్తుతించెను. ఓడలో బానిసలుండిరి.

ఆకలి యేమిటో, గొలుసు యేమిటో, జ్వరములో నీళ్లు దొరకకుండుట యేమిటో తన శరీరములో అనుభవించినవాడు. సంకెళ్లలోనివారి చేతి ముద్ద తినినవాడు. అనుభవమే గురువైనయెడల ఇంతకంటె గొప్ప బడి ఎక్కడ దొరకును? అయినను ఆయన నేర్చుకొనలేదు. నేర్చుకొనినది ఒక్కటే: నేను దుఃఖములోనుండగా దేవుడు నన్ను విడిపించెనని. దుఃఖములోనున్న ఇతరుని చూచుట దానిలోనుండి రాలేదు.

ఇది ఇంగ్లండువారికి మాత్రమే చెందిన సంగతి అనుకొనవద్దు. కోడలుగా కన్నీళ్లు త్రాగిన స్త్రీ అత్త అయిన పిమ్మట ఏమి చేయుచున్నదో మీ వీధిలో చూడుడు. నిన్న ఎండలో కూలికి నిలిచినవాడు నేడు మేస్త్రీ అయి కూలివారి డబ్బులో కోత కోయుట లేదా? మన సంఘములలో అనేకుల తాతలు పాలేర్లు. అప్పు తీరక తరములతరబడి ఒకే యింట వెట్టి చేసినవారు. ఆ యిండ్లలోనుండి చదువుకొని ఉద్యోగములు చేయువారు కొందరు, తమ యింట పనిచేయు చిన్నదానికి నెల జీతము సరిగా ఇచ్చుచున్నారా? ఇశ్రాయేలీయులు ఐగుప్తులో అనుభవించినది చాలునని దేవుడు అనుకొనలేదు. నీవు పరదేశివై యుంటివి గనుక పరదేశిని బాధింపరాదని నిర్గమకాండము 23:9లో ఆజ్ఞ ఇచ్చెను. అనుభవము తనంతట తానే నేర్పునదైతే ఆ ఆజ్ఞకు పనియే లేదు.

1754లో మరల ప్రయాణమునకు సిద్ధపడుచుండగా, ఒక దినము భార్యతో తేయాకు నీళ్లు త్రాగుచున్న సమయమున న్యూటన్ గారు మూర్ఛపోయి పడిరి. వైద్యులు సముద్రయానము వద్దనిరి. ఆ వర్తకమును వదలినది రోగముచేతనే గాని మనస్సాక్షిచేత కాదు. న్యాయముగా మరియొక మాటయు చెప్పవలెను: సంకెళ్లతోను తాళములతోను నిండిన ఆ పని అప్పుడప్పుడు తన మనస్సునకు రోత పుట్టించెననియు, దానికంటె దయగల వేరొక పని ఇమ్మని దేవుని అడిగితిననియు ఆయన వ్రాసెను. అది పాపమని మాత్రము అప్పటికి తోచలేదు.

1755నుండి లివర్‌పూలు రేవులో సుంకపు అధికారిగా పనిచేయుచు, గ్రీకు హెబ్రీ భాషలు నేర్చుకొని, సేవకు పిలుపు కలదని తలంచెను. బిషప్పులు ఏండ్లతరబడి అంగీకరింపలేదు. 1764లో అభిషేకము పొంది బకింగ్‌హాంషైరులోని ఓల్నీ అను ఊరికి పాదిరిగా వచ్చెను. ఓల్నీ బీదల ఊరు. మన నరసాపురము, పాలకొల్లు ప్రాంతపు స్త్రీలవలె అక్కడి స్త్రీలును లేసు పనితో బ్రదుకుచుండిరి. మనవారు కొక్కెపు సూదితో అల్లుదురు, వారు దిండుమీద చిన్న కొయ్యపుల్లలకు చుట్టిన దారముతో నేయుచుండిరి. కన్నులు పోవు పని, చాలని కూలి. పదునారు సంవత్సరములు న్యూటన్ గారు వారి యిండ్లకు నడిచి పోయిరి. పిల్లలను కూర్చి కథలు చెప్పిరి. ఓడ కప్తాను కోటు వేసికొనియే ఊరిలో తిరిగెనని చెప్పుదురు.

అక్కడికే విలియం కౌపర్ అను కవి 1767లో వచ్చి చేరెను. సాధువైన మనిషి, బానిసత్వమును గాని సముద్రమును గాని ఎరుగడు, ఆయనకున్నది మనోవ్యాధి. 1773 ఆరంభమున ఆ వ్యాధి ముదిరి, దేవుడు తన్ను శాశ్వతముగా విడిచెనని నమ్మి, ప్రాణము తీసికొనబోయెను. న్యూటన్ గారు ఆయనను తన యింటనే ఏడాదికి పైగా ఉంచుకొని కాపాడిరి. గద్దింపలేదు, విశ్వాసము చాలలేదని అనలేదు. ఆ 1773 జనవరి 1వ తేది ప్రసంగముకొరకే, మొదటి దినవృత్తాంతములు 17:16-17 ఆధారముగా, ఆశ్చర్యమైన కృపను గూర్చిన కీర్తన వ్రాసెను. ఇద్దరు కలిసి వ్రాసిన 348 కీర్తనలు 1779లో అచ్చయినవి. ఇప్పుడు లోకమంతట పాడు రాగము ఆ కీర్తనకు 1835లో అమెరికాలో జతచేయబడినది. న్యూటన్ గారు ఆ రాగములో దానిని వినలేదు.

ఓల్నీలో తన చదువుగదిలో, పొయ్యి పైభాగపు గోడమీద, ఆయన రెండు వాక్యములు వ్రాయించుకొనెను. వాటిలో ఒకటి ద్వితీయోపదేశకాండము 15:15. నీవు బానిసవై యుండగా యెహోవా నిన్ను విమోచించెనని జ్ఞాపకము చేసికొనుమను మాట. ప్రసంగము సిద్ధపరచుకొనుచు తలయెత్తినప్పుడెల్ల అది కనబడెడిది. ప్రియులారా, మీ బైబిలు తెరచి ఆ వచనమునకు పైనున్న మూడు వచనములు చదువుడు. అవి మారుమనస్సును గూర్చినవి కావు. నీ దాసుడు ఆరు సంవత్సరములు సేవించినపిమ్మట ఏడవయేట వానిని విడిచిపెట్టవలెను, వట్టి చేతులతో పంపరాదు, నీ మందలోనుండి కళ్లములోనుండి గానుగలోనుండి వానికి ఇయ్యవలెను. జ్ఞాపకము చేసికొమ్మన్నది అందుకొరకు. గోడమీద పదునైదవ వచనమున్నది. పండ్రెండు, పదమూడు, పదునాలుగు గోడమీద లేవు. న్యూటన్ గారు ఆ మూడు వచనములకు చేరుటకు ఓడ దిగిన తరువాత ముప్పదినాలుగు సంవత్సరములు పట్టెను.

ఇంతలో, సముద్రమెరుగని మరియొకడు వాటిని చదివెను. థామస్ క్లార్క్‌సన్ ఒక పాదిరి కుమారుడు. 1785లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు, మనుష్యులను వారి యిష్టమునకు విరోధముగా బానిసలుగా చేయుట న్యాయమా అను విషయముమీద లాటినులో వ్యాసపు పోటీ పెట్టిరి. బహుమతి కొరకే క్లార్క్‌సన్ వ్రాయనారంభించెను. అతడు ఆఫ్రికా చూడలేదు, ఒక రాత్రి ఆకలితో పండుకొనియుండడు. పుస్తకములు చదివెను, అంతే. చదివిన సంగతులు నిద్రపట్టనీయలేదు. బహుమతి గెలిచి, గుఱ్ఱమెక్కి లండనుకు పోవుచు, వేడ్స్‌మిల్ అను ఊరియొద్ద దిగి త్రోవప్రక్కన కూర్చుండెను. ఈ వ్రాసినది నిజమైతే ఎవడో ఒకడు దీనిని ఆపవలెనని అక్కడ తోచెను. అప్పటికి ఇరువదియైదేండ్లవాడు. ఆ పనికే తన జీవితమును ఇచ్చెను. లివర్‌పూలు అంగడిలో సంకెళ్లు, బొటనవ్రేళ్ల మరలు డబ్బిచ్చి కొనితెచ్చి అందరికి చూపెను. అవి యెటువంటివో న్యూటన్ గారి చేతులకు ముందే తెలియును.

ఒకడు అనుభవించియు ఎరుగలేదు. ఒకడు అనుభవింపకయే ఎరిగెను. మన యౌవనస్థుల ప్రశ్నకు ఇంతకంటె స్పష్టమైన జవాబు మాకు దొరకలేదు. నిప్పు కాల్చునని తెలిసికొనుటకు చేయి పెట్టనక్కరలేదు. తిమోతి బాల్యమునుండి లేఖనములు ఎరిగినవాడని పౌలు వ్రాసెను. దానిని తక్కువగా వ్రాయలేదు. క్రీస్తు పొందిన శ్రమలవలన విధేయత నేర్చుకొనెనని హెబ్రీయులకు 5:8లో ఉన్నదే అని కొందరడుగుదురు. ఉన్నది. ఆ శ్రమ ఆయన రుచిచూచుటకు వెదకినది కాదు, తండ్రి చిత్తములో నడచుచుండగా వచ్చినది. మరియు దానికి ముందటి అధ్యాయములోనే ఆయన పాపము లేనివాడని యున్నది. శ్రమ మన యింటికి తానే వచ్చును, దానిని పిలువనక్కరలేదు. పాపమును మాత్రము మనమే వెదకికొని పోవుదుము. ఈ రెంటిని అనుభవము అను ఒకే సంచిలో వేయుటయే పొరపాటు. బాల్యమునుండి మందిరములో పెరిగిన పిల్లలారా, మీకు సాక్ష్యము లేదని ఎవరైన అనినయెడల నమ్మవద్దు. మీ తల్లి నేర్పిన వాక్యము మీకున్నది. మీ వీధిలో ఎవరు గొలుసులలోనున్నారో చూచుటకు అది చాలును.

అట్లని న్యూటన్ గారి అనుభవము వ్యర్థమాయెనని చెప్పము. 1780లో ఆయన లండనులోని సెయింట్ మేరీ వుల్నోత్ దేవాలయమునకు మారిరి. 1785 డిసెంబరులో విలియం విల్బర్‌ఫోర్స్ అను యువకుడు, పార్లమెంటు సభ్యుడు, రహస్యముగా ఆయనయొద్దకు వచ్చి, భక్తిమార్గము పట్టితిని గనుక రాజకీయములు విడిచిపెట్టవలెనా అని అడిగెను. ఉన్నచోటనే ఉండి దేవునికి ఉపయోగపడుమని న్యూటన్ గారు చెప్పిరి. రెండేండ్లలో విల్బర్‌ఫోర్స్ బానిస వర్తకమునకు విరోధముగా పోరు చేపట్టెను. 1787లో క్లార్క్‌సన్, మరికొందరు కలిసి సంఘమేర్పరచుకొనిరి. అప్పుడు వారికి కావలసినది కన్నులార చూచిన సాక్షి.

1788లో, అరువదిరెండేండ్ల వయస్సులో, న్యూటన్ గారు ఆఫ్రికా బానిస వర్తకమును గూర్చి ఒక చిన్న పుస్తకము వ్రాసిరి. తన ఒప్పుకోలు చాల ఆలస్యముగా వచ్చుచున్నదని మొదటనే అంగీకరించిరి. ఓడ అడుగున మనుష్యులు అరలో పుస్తకములవలె ప్రక్కప్రక్కన దట్టించబడుదురని వ్రాసిరి. ఒక పడవలో తల్లితోకూడ కొనబడిన ఏడాది బిడ్డ రాత్రి ఏడ్చుచుండగా, నిద్రకు అడ్డమని కోపించి ఓడ ఉద్యోగి ఆ బిడ్డను తల్లిచేతులలోనుండి లాగి సముద్రములో వేసిన సంగతి వ్రాసిరి. ఆ పుస్తకము పార్లమెంటు సభ్యులకు పంచబడెను. ఆ సంవత్సరము రాజుగారి ఆలోచన సభ యెదుటను, 1790లో పార్లమెంటు సభ్యుల యెదుటను నిలువబడి, ప్రశ్నలకు జవాబిచ్చిరి. బానిసలు సుఖముగానే యుందురని వాదించిన వర్తకులకు, కప్తానుగా మూడు ప్రయాణములు చేసిన వృద్ధ పాదిరి మాట కొట్టివేయుట కష్టమాయెను. ఆ మరుసటి యేడు, 1789లో, తానే బానిసగా నుండి విడుదల పొందిన ఒలౌడా ఎక్వియానో అను ఆఫ్రికావాడు తన కథ అచ్చువేయించెను. గొలుసు పట్టినవాడు, గొలుసు మోసినవాడు, గొలుసు నెరుగనివాడు, ముగ్గురును ఒకే సంగతి చెప్పిరి.

1790 డిసెంబరులో భార్య మేరి పుండు వ్యాధితో మరణించెను. ఆయనకు చూపు మందగించెను, జ్ఞాపకము తగ్గెను. అయినను ప్రసంగపీఠము ఎక్కుట చాలకాలము మానలేదు. ఆయన బోధవలన కదిలిన క్లాడియస్ బుకానన్ 1797లో కలకత్తాకు పాదిరిగా వచ్చిన సంగతిని మన దేశపు సంఘచరిత్ర చదువువారు ఎరుగుదురు.

1807 మార్చి 25న బానిస వర్తకమును నిషేధించు చట్టమునకు ఇంగ్లండులో రాజుగారి సమ్మతి దొరకినది. అప్పటికి ఇంగ్లీషువారి ఓడలలో 30 లక్షలకు పైగా ఆఫ్రికావారు తరలింపబడియుండిరి. ఆ డిసెంబరు 21న న్యూటన్ గారు, తమ 82వ యేట, ప్రభునందు నిద్రించిరి. లండనులో భార్యప్రక్కనే పెట్టిరి. 1893లో ఇద్దరిని ఓల్నీకి తెచ్చి అక్కడ మరల సమాధి చేసిరి.

సమాధిమీది మాటలు ఆయన తానే ముందుగా వ్రాసిపెట్టుకొనినవి. ఒకప్పుడు అవిశ్వాసిగా, దుర్మార్గునిగా ఉంటిననియు, ఆఫ్రికాలో బానిసలకు సేవకుడనైతిననియు, క్రీస్తు కనికరముచేత క్షమింపబడితిననియు అందులో ఉన్నది. బానిసల ఓడకు కప్తానుగా నుండిన సంగతి ఆ రాతిమీద లేదు. అది చదువవలెనన్నయెడల 1788నాటి ఆ చిన్న పుస్తకము తెరువవలెను.